ముద్ద దిగకపోతే ప్రతిసారీ గ్యాస్ కాదు

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్ళకి విషయం కొంత తెలుసు. మాటల్లో చెప్పినప్పుడు పేర్లు, అంకెలు గుర్తుండవు. డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు అవే కావాలి. అందుకే ట్రాన్స్‌క్రిప్ట్‌తో పాటు ఇది విడిగా రాసి పెడుతున్నా. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. ఐటీఐ చదివి, సైట్ల మీద పని చేస్తూ సూపర్‌వైజర్ అయినవాణ్ణి. ఈ జబ్బు నాకే ఉంది కాబట్టి దాని గురించి నేర్చుకోవాల్సి వచ్చింది, అంతే. మందు మొదలుపెట్టడం, ఆపడం మీ డాక్టర్‌తో మాట్లాడాకే.

ఎపిసోడ్‌లో ఈ చిన్న ముక్క దగ్గర చాలామంది ఆగిపోయామన్నారు:

హోస్ట్: అన్నా, అసలు ఎన్నేళ్ళ నుంచి ఉంది నీకిది?
నేను: తెలిసి రెండేళ్ళు. తెలియకుండా పదేళ్ళ పైనే ఉంటుంది.
హోస్ట్: తెలియకుండా అంటే?
నేను: పక్కన నీళ్ళు లేకపోతే అన్నానికి కూర్చునేవాణ్ణి కాదు. అది నా అలవాటు అనుకున్నా. అది అలవాటు కాదు, జబ్బే.

ఈ జబ్బు పేరు ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్. పొట్టిగా ఈఓఈ అంటారు.

అసలు ఏం జరిగింది

క్లుప్తంగా చెప్తా. చపాతీ, చికెన్ ముక్క, ఎండు అన్నం ముద్ద, ఇలాంటివి అప్పుడప్పుడు రొమ్ము వెనకాల ఆగిపోయేవి. రెండు గుక్కల నీళ్ళు తాగితే దిగిపోయేవి. అందరూ గ్యాస్ అన్నారు, నేనూ గ్యాస్ అనే అనుకున్నా. గ్యాస్ మాత్రలు వేసుకుంటే కొన్నాళ్ళు బాగుండేది, మళ్ళీ మామూలే. సెలవుకి ఇండియా వెళ్ళినప్పుడు ఒకచోట ఎండోస్కోపీ కూడా చేయించుకున్నా. "నార్మల్" అని కాగితం ఇచ్చారు. బయాప్సీ ముక్క తియ్యలేదు. తియ్యమని అడగాలని నాకూ తెలియదు.

ఆ తర్వాత ఏడాదికి, ఇక్కడ సైట్‌లో మధ్యాహ్నం భోజనం దగ్గర మాంసం ముక్క ఆగిపోయింది. నీళ్ళు తాగితే నీళ్ళు కూడా తిరిగి వచ్చేశాయి. ఉమ్ము మింగలేక కప్పులో ఉమ్ముకుంటూ ఎమర్జెన్సీకి వెళ్ళా. కెమెరా పెట్టి ముక్క తీశారు, అదే పనిలో లోపలి పొర నుంచి చిన్న ముక్కలు తీసి ల్యాబ్‌కి పంపారు. ఒకచోట 38 ఇసినోఫిల్స్ కనిపించాయి. ఉండాల్సింది సున్నా.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఈ జబ్బులో బాధ ఉందా లేదా అన్నది నమ్మకండి, కెమెరాలో పైపైన చూసింది కూడా నమ్మకండి. ముక్క తీసి చూసిందే లెక్క. జబ్బు పట్టుకోవడానికీ అదే, తగ్గిందా లేదా తేల్చడానికీ అదే.

ఇస్నోఫీలియా వేరు, ఇది వేరు

మన ఊళ్ళల్లో ఎడతెగని దగ్గు వస్తే "ఇస్నోఫీలియా" అనడం చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. ఆ పేరుకీ దీనికీ సంబంధం ఒక్కచోటే ఉంది, అదే ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణం. దగ్గు, ఆయాసంతో వచ్చే ఆ రకంలో కొన్ని ఫైలేరియా పురుగు వల్ల వస్తాయి. దానికి ఇచ్చే మాత్రలు వేరు. అవి దీనికి పనికిరావు.

ఈఓఈలో ఈ కణాలు చేరేది అన్నవాహికలో, అంటే గొంతు నుంచి పొట్టకి వెళ్ళే గొట్టం గోడలో. పొట్టలో, పేగుల్లో ఈ కణాలు కొన్ని ఉండటం మామూలే. ఆరోగ్యంగా ఉన్న అన్నవాహికలో మాత్రం ఉండవు. మనం తినే ఏదో ఒక పదార్థాన్ని శరీరం శత్రువులా చూడటంతో ఇవి అక్కడికి చేరతాయి. చేరి గోడని వాచేలా చేస్తాయి. ఏళ్ళ తరబడి వాపు అలాగే ఉంటే గోడ గట్టిపడి గొట్టం ఇరుకైపోతుంది. మామూలుగా అన్నవాహిక సుమారు 20 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. 13 మిల్లీమీటర్ల కంటే తగ్గితే గట్టి ఆహారం ఆగడం దాదాపు ఖాయం.

రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ మామూలుగానే ఉన్నా ఈఓఈ ఉండొచ్చు. కాబట్టి రక్తం రిపోర్ట్ చూసి "నాకు లేదు" అనుకోవద్దు.

ఇది పాత పుస్తకాల్లో కనపడని జబ్బు. 1993లో స్టీఫెన్ ఆట్‌వుడ్ బృందం, 1994లో స్విట్జర్లాండ్‌లో అలెక్స్ స్ట్రామన్ బృందం దీన్ని విడి జబ్బుగా వివరించారు. 1995లో అమెరికాలో పదిమంది పిల్లలకి మామూలు తిండి ఆపి, ప్రత్యేకమైన ఫార్ములా మాత్రమే ఇచ్చి చూశారు. వాళ్ళకి నయం కావడంతో, తిండికీ దీనికీ లింకు ఉందని గట్టిగా తెలిసింది. ఆస్ట్రేలియా సంగతికి వస్తే, పశ్చిమ ఆస్ట్రేలియా పిల్లల మీద చేసి 2006లో ప్రచురించిన లెక్క ఒకటుంది. 1995లో పదివేల మంది పిల్లలకి 0.05 ఉన్నది 2004కి 0.89 అయింది. ఇండియాలో తక్కువే అనుకునేవారు. కానీ 2017లో ప్రచురించిన ఒక ఉత్తర భారత ఆస్పత్రి పరిశోధనలో, గ్యాస్ లక్షణాలతో వచ్చినవాళ్ళలో వందకి దాదాపు ముగ్గురికి ఇది బయటపడింది. వెతికితేనే కనపడే జబ్బు అన్నమాట.

ఎవరికైనా రావొచ్చు. మగవాళ్ళలో ఎక్కువ, ఆడవాళ్ళకంటే సుమారు మూడింతలు. తుమ్ములు, ఆస్తమా, గజ్జి లాంటి ఎలర్జీ దద్దుర్లు ఉన్నవాళ్ళలో, ఇంట్లో ఎవరికైనా ఉన్నవాళ్ళలో మరీ ఎక్కువ. కాన్‌బెర్రాలో అక్టోబర్, నవంబర్ నెలల్లో గడ్డి పుప్పొడి ఎలా ఏడిపిస్తుందో మనకి తెలిసిందే. కొందరికి ఆ సీజన్‌లో ఈఓఈ కూడా పెరుగుతుంది.

ఎలా గుర్తుపట్టాలి

పెద్దవాళ్ళలో ముఖ్యమైన గుర్తు గట్టి ఆహారం ఆగడం. కానీ "ఆహారం అడ్డం పడుతోందా" అని డాక్టర్ అడిగితే చాలామందిమి లేదనే చెప్తాం. ఎందుకంటే అడ్డం పడకుండా తినడం మనకి తెలియకుండానే నేర్చేసుకుంటాం. అందుకే ప్రశ్న మార్చి అడగాలి. మిమ్మల్ని మీరే అడిగి చూసుకోండి:

• ప్రతి ముద్దకీ నీళ్ళు కావాలా?
• చారో, పెరుగో కలిపి పల్చగా చేసుకుంటే తప్ప అన్నం దిగదా?
• అందరూ లేచి చేతులు కడుక్కున్నా మీరు ఇంకా తింటూనే ఉంటారా?
• మాంసం, చపాతీ, గట్టి బ్రెడ్ తప్పించుకుంటున్నారా?
• పక్కవాళ్ళు నవ్వేంతగా నములుతున్నారా?
• పెద్ద మాత్ర అంటే భయమా?

వీటిలో రెండు మూడింటికి అవును అనిపిస్తే ఆ మాటలే డాక్టర్‌కి చెప్పండి. "గ్యాస్ ఉంది" అని మాత్రం చెప్పకండి. గ్యాస్ అంటే గ్యాస్ మందే వస్తుంది.

ఇంకో తేడా. పొలమారడం వేరు, ఇది వేరు. నీళ్ళు ఊపిరి గొట్టం వైపు వెళ్తే దగ్గు వస్తుంది, ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తడతాం. ఈఓఈలో దగ్గు ఉండదు, ఊపిరి బాగానే ఆడుతుంది. ముద్ద మాత్రం రొమ్ము వెనకాల కూర్చుని కదలదు.

పిల్లల్లో ఇది వేరేలా ఉంటుంది. చంటిపిల్లలు తిండి వద్దని మొహం తిప్పుకుంటారు, బరువు పెరగరు. కాస్త పెద్దయితే తరచూ వాంతి, కడుపునొప్పి. అన్నం బుగ్గన పెట్టుకుని గంటసేపు కూర్చుంటారు. దీన్ని మనం వేషాలు అంటాం, ఫోన్ చూపించి కుక్కుతాం, ఒక్కోసారి దెబ్బ కూడా వేస్తాం. ప్రతి మారాం చేసే పిల్లకీ ఈఓఈ ఉండదు. కానీ నెలల తరబడి ఇలాగే ఉండి, పైగా ఎలర్జీలు కూడా ఉంటే, తిట్టేముందు ఒకసారి డాక్టర్‌కి చూపించండి. దిగని ముద్దని మింగమని కొట్టామన్న బాధ ఆ తర్వాత తల్లిదండ్రుల్ని వదలదు.

ముక్క తియ్యాల్సిందే

మా పనిలో ఒక రూలు ఉంది. స్లాబ్ పైకి నున్నగా కనపడింది కదా అని బలంగా ఉందని సంతకం పెట్టం. అనుమానం వస్తే కోర్ కోసి ల్యాబ్‌కి పంపుతాం. అన్నవాహికదీ అదే కథ.

ఎండోస్కోపీలో డాక్టర్‌కి కొన్ని గుర్తులు కనపడొచ్చు. గోడ వాచి పాలిపోవడం, గొంగళిపురుగు ఒంటి మీద ఉన్నట్టు రింగులు, తెల్లటి చుక్కలు, నిలువు గీతలు, ఇరుకు. కానీ కొందరిలో ఇవేమీ కనపడవు, పైకి మామూలుగానే ఉంటుంది. అందుకే చూసి వదలకూడదు. కనీసం ఆరు ముక్కలు, అన్నవాహికలో కనీసం రెండు వేర్వేరు చోట్ల నుంచి తియ్యాలి. జబ్బు గోడంతా ఒకేలా ఉండదు, అక్కడక్కడా ఉంటుంది. ఒకటి రెండు ముక్కలైతే తప్పిపోవచ్చు. తీసేటప్పుడు నొప్పి తెలియదు.

మైక్రోస్కోప్‌లో బాగా పెద్దది చేసి చూసినప్పుడు ఒకసారికి కనపడే మేరలో 15 లేదా అంతకంటే ఎక్కువ ఇసినోఫిల్స్ ఉండాలి, లక్షణాలు ఉండాలి, ఆ కణాలు చేరడానికి వేరే కారణం లేదని తేలాలి. ఈ మూడూ కలిస్తే ఈఓఈ అంటారు. ఇంతకుముందు గ్యాస్ మాత్రలు కొన్ని వారాలు వాడి, తగ్గకపోతేనే ఈఓఈ అనేవారు. 2018లో అంతర్జాతీయ నిపుణులు ఆ షరతు తీసేశారు. ఇప్పుడు ఆ మాత్రలే ఒక చికిత్స.

పరీక్షకి ముందు మీరు గ్యాస్ మాత్రలు గానీ, స్టెరాయిడ్ మందులు గానీ వాడుతుంటే తప్పకుండా చెప్పండి. మందు వల్ల కణాలు తగ్గి ఉంటే, రిపోర్ట్ చూసి జబ్బే లేదనుకునే ప్రమాదం ఉంది.

ఎలర్జీకి చర్మం మీద గుచ్చి చేసే టెస్ట్, రక్తం టెస్ట్ చేయిస్తే ఏ తిండి పడట్లేదో తెలిసిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. ఈఓఈలో ఆ టెస్టులు నమ్మకంగా చెప్పలేవు. ఇది తిన్న అరగంటలో దద్దుర్లు వచ్చే రకం ఎలర్జీ కాదు, నెమ్మదిగా పనిచేసే వేరే దారి.

చికిత్స: మందు, తిండి, సాగదీయడం

మొదటిది గ్యాస్ మాత్రలు. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి. యాసిడ్ తగ్గించడమే కాదు, ఇసినోఫిల్స్‌ని పిలిచే సిగ్నల్‌ని కూడా ఇవి తగ్గిస్తాయి. పదిమందిలో నలుగురైదుగురికి పనిచేస్తాయి. మనం ఇష్టమొచ్చినప్పుడు ఒకటి వేసుకోవడం కాదు, డాక్టర్ చెప్పిన మోతాదులో 8 నుంచి 12 వారాలు వాడి, ఆ తర్వాత ముక్క తీసి చూడాలి.

రెండోది మింగే స్టెరాయిడ్. స్టెరాయిడ్ అనగానే మనవాళ్ళు భయపడతారు. ఇది ఒళ్ళంతా పాకే మాత్ర లాంటిది కాదు, అన్నవాహిక గోడకి పూత లాగా పనిచేస్తుంది. ఆస్తమాకి పీల్చే ఫ్లూటికసోన్‌ని పీల్చకుండా మింగిస్తారు, లేదా బ్యుడెసొనైడ్‌ని చిక్కగా కలిపి తాగిస్తారు. నాలుక మీద కరిగే బ్యుడెసొనైడ్ మాత్ర కూడా ఉంది, జోర్వెజా అనే పేరుతో. ఆస్ట్రేలియాలో ఇది పీబీఎస్ లిస్టులో ఉంది, నిబంధనలకి సరిపోతే తక్కువ ఖర్చుతో వస్తుంది. నీళ్ళతో మింగకూడదు, ఉమ్ముతో కరిగి మెల్లగా దిగాలి. తర్వాత అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. 2019లో ప్రచురించిన ఒక ట్రయల్‌లో ఆరు వారాలకి వందకి 58 మందిలో కణాలు, లక్షణాలు రెండూ తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో ఒక్కరికీ అలా తగ్గలేదు. నోట్లో, గొంతులో తెల్లటి ఫంగస్ రావడం దీనికి మామూలుగా చూసే సైడ్ ఎఫెక్ట్. వస్తే మందు ఇస్తారు.

మూడోది తిండి మార్చడం. దాని గురించి కింద విడిగా చెప్తా.

నాలుగోది సాగదీయడం. గొట్టం ఇప్పటికే ఇరుకైపోతే ఎండోస్కోపీలో బెలూన్‌తో గానీ, ప్రత్యేకమైన గొట్టంతో గానీ మెల్లగా వెడల్పు చేస్తారు. ఒకేసారి కాదు, కొన్ని విడతలుగా, 15 నుంచి 18 మిల్లీమీటర్ల దాకా. తర్వాత ఒకటి రెండు రోజులు రొమ్ములో నొప్పి ఉండొచ్చు. గొట్టం చిరగడం వందకి ఒకటి కంటే తక్కువ. తినడం వెంటనే తేలికవుతుంది. అయితే ఇది దారి వెడల్పు చేస్తుందే తప్ప వాపుని ముట్టుకోదు. మందో, తిండో పక్కన నడవాల్సిందే.

వీటితో లొంగనివాళ్ళకి డ్యుపిలుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది. అమెరికాలో 2022 మేలో దీన్ని ఈఓఈకి ఆమోదించారు. మీకు వర్తిస్తుందా, ఖర్చెంత అన్నది స్పెషలిస్ట్‌ని అడగండి.

మన వంటింట్లో

ఎక్కువగా అనుమానించే తిండి ఆరు రకాలు. పాలు, గోధుమ, గుడ్డు, సోయా, పల్లీలు జీడిపప్పు లాంటి గింజలు, చేపలు రొయ్యలు. ఆరూ ఆపితే సుమారు పదిమందిలో ఏడుగురికి తగ్గుతుందని పాత పరిశోధనలు చెప్పాయి. కానీ ఆరూ ఆపి బతకడం మాటలు కాదు.

2023లో అమెరికాలో 129 మంది పెద్దవాళ్ళ మీద చేసిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ఒక గుంపుకి ఆరూ ఆపారు, ఇంకో గుంపుకి పాలు ఒక్కటే. ఆరు వారాలకి ఆరూ ఆపినవాళ్ళలో వందకి 40 మందికి, పాలు మాత్రం ఆపినవాళ్ళలో 34 మందికి తగ్గింది. పెద్ద తేడా లేదు. అందుకే ఇప్పుడు చాలామంది డాక్టర్లు పాలతో మొదలుపెట్టమంటున్నారు.

పాలు ఒక్కటే కదా అనుకోకండి. మనకి పాలు అంటే పెరుగు, మజ్జిగ, నెయ్యి, పన్నీర్, టీ, స్వీట్లు, బిస్కెట్లు, చాక్లెట్లు అన్నీ. నెయ్యిలో కొవ్వే కదా అంటారు, కొద్దిపాటి పాల ప్రోటీన్ అందులోనూ మిగులుతుంది. చివర్లో పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టే ఉండదు మనకి. నాకు అన్నిటికంటే కష్టమైంది అదే. కొబ్బరిపాలతో పులుసులు, చారు అన్నంతో ముగింపు, అలా అలవాటు చేసుకున్నా.

గోధుమ ఆపమంటే చపాతీ, పూరీ ఆపుతారు, కానీ ఉప్మా తింటూనే ఉంటారు. బొంబాయి రవ్వ గోధుమే. సేమియా, మైదా గోధుమే. పొడి ఇంగువ డబ్బాలో చాలావాటిల్లో గోధుమపిండి కలుపుతారు, లేబుల్ చూడండి. బియ్యం, జొన్న, రాగి, సజ్జ బాధ లేదు. సంకటి, జొన్నరొట్టె మనకి కొత్తేం కాదు. సోయా అంటే సోయా సాస్‌తో పాటు మీల్ మేకర్ కూడా. స్పెయిన్‌లో చేసిన పరిశోధనల్లో సోయాతో పాటు పప్పులన్నీ ఆపారు. మీకు అంతదాకా అవసరమా అన్నది డైటీషియన్ చెప్పాలి. పప్పు లేకుండా శాకాహారికి ప్రోటీన్ ఎక్కడిది మరి?

ఇక్కడ షాపుల్లో ఒక మేలు ఉంది. ప్యాకెట్ మీద పదార్థాల వరుసలో ఎలర్జీ వస్తువుల్ని ముద్దక్షరాల్లో వెయ్యాలి, కింద ఏమేం ఉన్నాయో ఒక లైన్ విడిగా ఉండాలి. ముందు ఆ లైన్ చదవండి.

ఆపడం సగం పనే. తగ్గిందని బయాప్సీలో తేలాక ఆపినవాటిని ఒక్కోటి తిరిగి తింటూ, ప్రతిసారీ కొన్ని వారాల తర్వాత మళ్ళీ చూడాలి. అప్పుడే దోషి ఎవరో తెలుస్తుంది. ఇది డాక్టర్, డైటీషియన్ లేకుండా చేసే పని కాదు. పిల్లలకి అస్సలు సొంతంగా చెయ్యకండి, ఎదుగుదల దెబ్బతింటుంది.

బాగుంది అనిపించడం, బాగవడం

నేను తప్పటడుగు వేసింది ఇక్కడే. మందు మొదలుపెట్టిన నెలకి ముద్ద హాయిగా దిగింది. ఇక అయిపోయిందని మానేశా. కొన్ని నెలలకి మళ్ళీ మొదటికొచ్చింది.

ఈఓఈ వచ్చి పోయేది కాదు, ఉండిపోయేది. జోర్వెజా మీదే చేసిన ఇంకో ట్రయల్‌లో, తగ్గినవాళ్ళకి 48 వారాలు మందు కొనసాగిస్తే వందకి 75 దాకా అలాగే బాగున్నారు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్ళలో అలా నిలబడింది వందకి నాలుగే.

బాధ లేకపోయినా లోపల వాపు ఉండొచ్చు. బాధ ఉన్నా వాపు తగ్గి, ఇరుకు మాత్రమే మిగిలి ఉండొచ్చు. మన ఒళ్ళు మనకి నిజం చెప్పదు. ఆలస్యం చేస్తే ఏమవుతుందో 2013లో వచ్చిన ఒక స్విస్ పరిశోధన 200 మందిలో చూపించింది. లక్షణాలు మొదలై రెండేళ్ళలోపు జబ్బు తెలిసినవాళ్ళలో గొట్టం ఇరుకైంది వందకి 17 మందికి. ఇరవై ఏళ్ళు దాటాక తెలిసినవాళ్ళలో 71 మందికి. నా పదేళ్ళు ఆ లెక్కలో ఎక్కడ పడతాయో చూసుకుంటే గుండె గుభేలుమంది.

అందుకే చికిత్స మొదలెట్టినా, మార్చినా, తర్వాత మళ్ళీ ఎండోస్కోపీ, మళ్ళీ ముక్క. విసుగే. కానీ వేరే దారి లేదు.

ముక్క అడ్డం పడితే

మాట రాక, ఊపిరి ఆడకపోతే అది వేరే ప్రమాదం, వెంటనే 000. ఊపిరి ఆడుతూ ముద్ద మాత్రమే ఆగితే తినడం ఆపి, నిటారుగా కూర్చోండి. ఉమ్ము కూడా మింగలేకపోతే, రొమ్ములో నొప్పి గట్టిగా ఉంటే వెంటనే ఎమర్జెన్సీ. ఉమ్ము దిగుతున్నా ముక్క కదలకపోతే కూడా అదే రోజు వెళ్ళండి, రేపటికి చూద్దామని పడుకోవద్దు.

చేప ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్దో, అరటిపండో మింగించడం మన ఇళ్ళల్లో మామూలు. ఇక్కడ ఆ పని చెయ్యకండి. ఆగిన ముక్క మీద ఇంకో ముక్క చేరుతుంది. వేలు పెట్టి బలవంతంగా కక్కుకోవద్దు, వాచిన గోడ చిరిగే ప్రమాదం ఉంది. సైట్‌లో వాళ్ళు కోలా తాగమంటారు. 2023లో నెదర్లాండ్స్ డాక్టర్లు దాన్ని పరీక్షించి చూస్తే, తాగినవాళ్ళకీ తాగనివాళ్ళకీ తేడా కనపడలేదు.

గంగాలిన్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. మన వాక్-ఇన్ సెంటర్ మంచిదే, కానీ అది నర్సులు నడిపే చోటు, చిన్న దెబ్బలకి, చిన్న జబ్బులకి. ముక్క అడ్డం పడితే అక్కడ సమయం పోగొట్టుకోకుండా ఎమర్జెన్సీ ఉన్న ఆస్పత్రికే వెళ్ళండి. దగ్గర్లో బ్రూస్‌లో నార్త్ కాన్‌బెర్రా హాస్పిటల్, గారన్‌లో కాన్‌బెర్రా హాస్పిటల్. మీరే డ్రైవ్ చెయ్యకండి. ముక్క తీసేటప్పుడు బయాప్సీ కూడా తీస్తారా అని అడగండి. ముక్క దానంతట అదే దిగిపోయినా, తర్వాత ఎండోస్కోపీ ఎప్పుడో అడిగి తెలుసుకునే బయటికి రండి.

వినేవాళ్ళు అడిగినవి

"జీపీ దగ్గర ఏం చెప్పాలి?" ఎన్నాళ్ళుగా, ఏ తిండి, ఎన్నిసార్లు ఆగిందో కాగితం మీద రాసుకెళ్ళండి. రిఫరల్ లెటర్‌లో ఆహారం అడ్డం పడుతోందని స్పష్టంగా రాయమనండి. పబ్లిక్ లిస్టులో ఎంత అర్జెంటో ఆ లెటర్ చూసే నిర్ణయిస్తారు. ఇంట్లో అమ్మానాన్నలకి ఇంగ్లీష్ రాకపోతే 131 450కి ఫోన్ చేసి తెలుగు దుబాసీని అడగొచ్చు. రాత్రిపూట సలహా కావాలంటే హెల్త్‌డైరెక్ట్ నర్సులు 1800 022 222లో దొరుకుతారు.

"ఇండియా వెళ్ళినప్పుడు చేయించుకోవచ్చా?" చేయించుకోవచ్చు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో మంచి గ్యాస్ట్రో డాక్టర్లు ఉన్నారు. కాకపోతే ముందే చెప్పండి, చూడటానికి ఏమీ లేకపోయినా అన్నవాహిక నుంచి ముక్కలు తియ్యమని. బయాప్సీ రిపోర్ట్‌లో ఇసినోఫిల్స్ సంఖ్య రాయమనండి. ఆ కాగితం ఇక్కడికి తెచ్చుకోండి.

"క్యాన్సర్ అవుతుందా?" ఈఓఈ క్యాన్సర్‌గా మారుతుందని తేలలేదు. కానీ మింగడం కష్టమవడం అనే ఇదే లక్షణం వేరే జబ్బుల్లోనూ ఉంటుంది. బరువు తగ్గుతున్నా, రక్తం పడుతున్నా, వయసు మీద పడ్డాక కొత్తగా మొదలైనా అస్సలు ఆలస్యం వద్దు.

"జీవితాంతం మందేనా?" కొందరికి మందు, కొందరికి తిండి నియమం. ఏదో ఒకటి కొనసాగాలి. నేను ఇప్పుడు మందు మీదే ఉన్నా. పోయిన ఎండోస్కోపీలో లెక్క 3కి వచ్చింది. పెళ్ళి భోజనంలో అందరితో పాటు కూర్చుని అందరితో పాటు లేచా. మా ఆవిడ గమనించి, నీళ్ళ గ్లాసు నిండుగా అలాగే ఉందేంటని అడిగింది.

మీ పక్కన కూర్చున్నవాళ్ళ గ్లాసు కూడా ఒకసారి గమనించండి. ప్రతి ముద్దకీ ఖాళీ అవుతుంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.